ఫ్యాక్టరీ డాక్టరుకు మూడు నెలల చదువు సరిపోతుందా?

పరవాడ_డాక్టర్
ఎంబీబీఎస్ పూర్తయి ఆరేళ్ళు. కొన్ని నెలల క్రితం విశాఖ దగ్గర మందులు తయారుచేసే ఒక కర్మాగారంలో వైద్యాధికారిగా చేరాను. చేరిన మూడో రోజు పొద్దున నా బల్ల మీద నూట నలభై ఆరోగ్య పత్రాలు పెట్టి వెళ్ళారు. బరువు, రక్తపోటు, చూపు, ఛాతీ ఎక్స్‌రే అన్నీ ముందే నింపి ఉన్నాయి. "పనికి తగినవాడు" అన్నచోట నా సంతకం ఒక్కటే తక్కువ. సాయంత్రానికల్లా కావాలన్నారు.

పై పత్రం తీసి చూశాను. రసాయనాలు కలిపే రియాక్టర్ దగ్గర పదకొండేళ్ళుగా పనిచేస్తున్న మనిషిది. "పని" అన్న గడిలో "ఆపరేటర్" అని ఉంది, అంతే. ఏ ద్రావణి (సాల్వెంట్) వాడతాడో లేదు. లేచి ఆ బ్లాకుకు వెళితే సూపర్‌వైజరు కంగారుపడి "ఎవరికైనా దెబ్బ తగిలిందా సార్?" అని అడిగాడు. అంతకుముందు డాక్టరు అటువైపు వచ్చిన గుర్తు ఎవరికీ లేదట. ఆ మనిషి రోజూ డ్రమ్ముల నుంచి టోలీన్ అనే ద్రావణి ఎక్కిస్తాడు. అతని మూత్రం ఎప్పుడు తీసుకున్నారని అడిగితే, సోమవారం పొద్దున ఎనిమిదింటికి, షిఫ్టు మొదలవకముందు అన్నారు. ఆ రాత్రి కూర్చుని చదువుకుంటే తెలిసింది, ఒంట్లోకి వెళ్ళిన టోలీన్ గుర్తులు ఒకటి రెండు రోజుల్లోనే మూత్రంలోంచి పోతాయి, షిఫ్టు ముగిసే సమయంలో తీసుకోవాలి అని. ఆదివారం సెలవు తరువాత తీసిన నమూనాలో ఏం కనిపిస్తుంది? పైగా చేసింది కూడా చక్కెర, ఆల్బుమిన్ పరీక్షలే.

ఈ సంగతి నాకు ఏ క్లాసులోనూ ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు యాజమాన్యం ఏఎఫ్ఐహెచ్ (అసోసియేట్ ఫెలో ఆఫ్ ఇండస్ట్రియల్ హెల్త్) చేసి రమ్మంటోంది. మూడు నెలల కోర్సు, ఖర్చు వాళ్ళదే. అది చేస్తే నేను ఈ పనికి నిజంగా తగినవాడిని అవుతానా? లేక కమ్యూనిటీ మెడిసిన్‌లో ఎం.డి. చేయాలా? మన దేశంలో ఈ వృత్తి, పర్యావరణ వైద్యాన్ని (ఆక్యుపేషనల్ అండ్ ఎన్విరాన్‌మెంటల్ మెడిసిన్) పూర్తి స్పెషాలిటీగా నేర్చుకునే దారి ఎక్కడ ఉంది? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి. ఆ పత్రాల మీద నేను ఇంకా సంతకం పెట్టలేదు.

పసుపు_హెల్మెట్
పందొమ్మిదేళ్ళుగా సేఫ్టీ ఆఫీసరుగా ఉన్నాను, మూడు ఫ్యాక్టరీలు మారాను. పిలవకుండా షాప్ ఫ్లోర్ మీదికి వచ్చిన డాక్టర్లను ఒక చేతి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. మీరు వెళ్ళారు కాబట్టి కోర్సులో సగం అయిపోయినట్టే.

తెల్లకోటు
ఊపిరితిత్తుల వైద్యుణ్ణి. నా మాట కొందరికి నచ్చకపోవచ్చు. ఫ్యాక్టరీ డాక్టరు పని జల్లెడ పట్టడం. తేడా ఉన్నవాళ్ళను గుర్తించి మా దగ్గరికి పంపితే చాలు, మిగతాది మేము చూసుకుంటాం. దానికి మూడు నెలలు సరిపోతుంది. ప్రతి దానికీ కొత్త స్పెషాలిటీ పెట్టుకుంటూ పోతే ఊళ్ళో జ్వరం చూసేవాడు మిగలడు.

పలుగురాయి
తెల్లకోటు గారూ, మీ దగ్గరికి పంపితే చాలన్నారు కదా. మా నాన్న సంగతి వినండి. పలుగురాయిని పొడి చేసే మిల్లులో తొమ్మిదేళ్ళు పనిచేశారు. ఇంటికి వచ్చేసరికి కనురెప్పల వెంట్రుకలు తెల్లగా ఉండేవి. అమ్మ తడిగుడ్డతో తుడిచేది, తరువాతే అన్నం. దగ్గు మొదలైతే క్షయ అన్నారు. కళ్ళె పరీక్షలో ఏమీ రాలేదు, అయినా ఆరు నెలలు మందులు ఇచ్చారు. రెండేళ్ళ తరువాత మళ్ళీ అదే. ఆ తరువాత మూడోసారి. నలుగురు డాక్టర్లు చూశారు, అందులో ఇద్దరు ఊపిరితిత్తుల వైద్యులే. ఎక్కడ పనిచేశావని ఒక్కరూ అడగలేదు. ఇప్పుడు నాన్న పెరట్లో బావి దాకా నడవాలంటే దారిలో రెండు చోట్ల ఆగుతారు.

తెల్లకోటు
పలుగురాయి, చదివి బాధపడ్డాను. ఆ ప్రశ్న అడగకపోవడం మా తప్పే. ఒక్క మాట మాత్రం చెప్పాలి. పలుగురాయి పొడి పీల్చడం వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు, సిలికోసిస్, ఉన్నవాళ్ళకు క్షయ వచ్చే అవకాశం మామూలు వాళ్ళకంటే చాలా ఎక్కువ. రెండూ కలిసి కూడా ఉంటాయి, రెండూ ఊపిరితిత్తుల పైభాగాల్లోనే ఎక్కువగా కనిపిస్తాయి. కాబట్టి క్షయ మందులు ఇవ్వడమే తప్పని చెప్పలేను. మూడుసార్లు ఇచ్చాక కూడా వేరే ఆలోచన రాకపోవడం తప్పు.

పలుగురాయి
నేను అడిగేదీ అదేనండీ. ఆ ఆలోచన రావడం ఎవరు నేర్పాలి?

పాఠాల_మాస్టారు
ఒక వైద్య కళాశాలలో కమ్యూనిటీ మెడిసిన్ చెబుతాను. మా తప్పు మేము ఒప్పుకోవాలి. పని వల్ల వచ్చే జబ్బుల పాఠం మొత్తం ఎంబీబీఎస్‌లో కొద్ది గంటల్లో ముగుస్తుంది. న్యూమోకోనియోసిస్ (దుమ్ము పీల్చడం వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బులు) పట్టిక, సీసం విషం, ఈఎస్ఐ ప్రయోజనాలు, ఫ్యాక్టరీల చట్టం. పిల్లలు పరీక్షకు పట్టిక బట్టీ పడతారు. ఏడాదికి ఒకసారి బస్సులో పాల డెయిరీకి తీసుకెళ్ళి చూపిస్తాం. అది శుభ్రంగా ఉంటుంది, రానిస్తారు. క్రషర్ దగ్గరికి తీసుకెళ్ళడానికి అనుమతి దొరకదు.

మూడు వందల ఏళ్ళ క్రితం ఇటలీలో రామజ్జీని అనే వైద్యుడు రోగిని అడగవలసిన ప్రశ్నల్లో "నీ వృత్తి ఏమిటి?" అన్నది చేర్చాలని రాశాడు. 1700లో అచ్చయిన మాట అది. నా విద్యార్థుల కేసు షీట్లలో ఆ గడి ఇప్పటికీ ఉంది. అందులో "కూలీ" అని రాసి తెస్తారు. ఏ కూలీ, ఎన్నేళ్ళు, ఏ పొడి, నోటికి గుడ్డ కట్టుకుంటాడా, ఇంటికి అవే బట్టలతో వస్తాడా అని రాసుకురమ్మని నేను షీటు వెనక్కి తిప్పి పంపుతాను. నా మీద వాళ్ళకు కోపం కూడా ఉంది.

జెండా
యూనియన్ పని చేస్తాను. కోర్సు ఎన్ని నెలలన్నది నాకు రెండో ప్రశ్న. మొదటిది, ఆ డాక్టరుకు జీతం ఎవరు ఇస్తున్నారు? యజమాని జీతం తీసుకునే మనిషి యజమానికి నష్టం కలిగే కాగితం మీద సంతకం పెడతాడా? పదేళ్ళు చదివినా అంతే, మూడు నెలలు చదివినా అంతే.

పసుపు_హెల్మెట్
జెండా అన్నా, జీతం నాకూ వాళ్ళే ఇస్తున్నారు. అయినా పని ఆపించిన రోజులు ఉన్నాయి. మనిషిని బట్టి ఉంటుంది.

జెండా
మనిషిని బట్టి ఉండకూడదనే కదా తమ్ముడూ చట్టం ఉన్నది.

లీడ్స్_తెలుగు
ఇంగ్లండులో ఈ స్పెషాలిటీలో శిక్షణ పూర్తిచేశాను, గుంటూరు వాణ్ణి. ఇక్కడ ఎలా ఉంటుందో చెబుతాను. ఎంబీబీఎస్ తరువాత రెండేళ్ళ ఫౌండేషన్. ఆ తరువాత జనరల్ మెడిసిన్‌లోనో కుటుంబ వైద్యంలోనో ఇంకో రెండు మూడేళ్ళు. అప్పుడు ఆక్యుపేషనల్ మెడిసిన్‌లో నాలుగేళ్ళ శిక్షణ. 1978లో ఏర్పడిన ఫ్యాకల్టీ ఆఫ్ ఆక్యుపేషనల్ మెడిసిన్ రెండు దశల్లో పరీక్ష పెడుతుంది. అయితే అందరికీ ఇంత చదువు అక్కరలేదు. కుటుంబ వైద్యులు వారానికి ఒకటి రెండు రోజులు ఈ పని చేయడానికి విడిగా ఒక చిన్న డిప్లొమా ఉంది. అంటే రెండు మెట్లు. కింది మెట్టు మీద చాలా మంది, పై మెట్టు మీద కొద్ది మంది. కింది వాళ్ళకు అనుమానం వస్తే అడగడానికి పైన మనిషి ఉంటాడు. మన దేశంలో కింది మెట్టు ఉంది, ఏఎఫ్ఐహెచ్ అదే. పై మెట్టు మీద మనుషులే తక్కువ.

నాలుగేళ్ళలో నాకు ఎక్కువ నేర్పింది పుస్తకం కాదు. బేకరీకి వెళ్ళాను, ఇనుము కరిగించే చోటికి వెళ్ళాను, శవాలను భద్రపరిచే చోటికి వెళ్ళాను. ప్రతిచోటా నా శిక్షకుడు ముందు "ముక్కుతో, చెవులతో చూడు, తరువాత రాసుకో" అనేవారు. బేకరీలో పిండి జల్లించే కుర్రాడికి సెలవుల్లో ఉబ్బసం తగ్గుతుందని అతని కుటుంబ వైద్యుడికి తెలియదు. నాలుగు వారాల పాటు రెండు గంటలకోసారి, గట్టిగా ఊదినప్పుడు గాలి ఎంత వేగంగా వస్తుందో (పీక్ ఫ్లో) కొలిచి రాయించాం. పని రోజుల్లో గీత కిందికి, సెలవు రోజుల్లో పైకి. ఆ కాగితం చూపిస్తే మేనేజరు కూడా కాదనలేకపోయాడు.

పత్తి_గింజ
సెలవుల మాట వచ్చింది కాబట్టి. మాది ఆదోని. మా పెదనాన్న జిన్నింగ్ మిల్లులో చేసేవారు. ఆదివారం బాగానే ఉండేవారు, సోమవారం సాయంత్రానికి గుండెల మీద బండ పెట్టినట్టు ఉందనేవారు. పని ఎగ్గొట్టడానికి సాకు అని మేస్త్రీ తిట్టేవాడు. చాలా ఏళ్ళ తరువాత నాకు తెలిసింది, పత్తి దూది పొడితో వచ్చే బిస్సినోసిస్‌కు అదే మొదటి గుర్తు అని, సెలవు తరువాత మొదటి రోజే ఎక్కువగా బిగుస్తుందని.

పరవాడ_డాక్టర్
పత్తి_గింజ గారూ, మా దగ్గర సోమవారం పొద్దున అన్నీ బాగున్నట్టు కనిపిస్తుంది. మీ పెదనాన్నకు సోమవారం సాయంత్రమే బయటపడేది. ఏ రోజు, ఏ పూట చూస్తున్నామో తెలియకుండా పరీక్ష చేయడం దండగ. ఇది రాసిపెట్టుకున్నాను.

జీడిపప్పు_పలాస
మా అమ్మ, పిన్ని జీడి పిక్కలు కొట్టే పనిలో ఉన్నారు. పిక్క పెంకులో ఉండే నూనె చర్మాన్ని కాలుస్తుంది. చేతులకు బూడిద, నూనె రాసుకొని కూర్చుంటారు, అయినా వేళ్ళ చివరలు నల్లగా అయిపోయి తోలు ఊడుతుంది. రేషన్ దుకాణంలో యంత్రం మీద అమ్మ బొటనవేలు పెడితే తీసుకోదు. పది వేళ్ళూ మార్చి మార్చి పెట్టాలి, వెనక వరుసలో వాళ్ళు విసుక్కుంటారు. చర్మ వైద్యుడు మూడేళ్ళు లేపనాలు రాశాడు, మంచివాడే. అమ్మ కూడా ఏం పని చేస్తానో చెప్పలేదు, ఎందుకంటే ఆయన అడగలేదు. మీరు మాట్లాడుతున్న ఈ డాక్టరు పెద్ద ఫ్యాక్టరీకి మాత్రమేనా? మా అమ్మకు ఎవరు?

విశ్రాంత_సర్జన్
జీడిపప్పు_పలాస అడిగినది అసలు ప్రశ్న. నేను సర్టిఫైయింగ్ సర్జన్‌గా, అంటే ఫ్యాక్టరీ కార్మికులను పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే డాక్టరుగా, ప్రభుత్వంలో పనిచేసి విరమించాను. కొన్ని విషయాలు సర్ది చెబుతాను, చర్చలో కలగాపులగం అయ్యాయి.

భోపాల్ విషవాయువు 1984 డిసెంబరులో. ఆ తరువాత 1987లో ఫ్యాక్టరీల చట్టానికి ప్రమాదకర ప్రక్రియల అధ్యాయం చేర్చారు. అందులో 41-సి సెక్షన్ చదవండి. ప్రమాదకర పదార్థాలతో పనిచేసే ప్రతి కార్మికుడికి పనిలో పెట్టే ముందు, పనిలో ఉన్నంతకాలం, ఆ పని మానేసిన తరువాత కూడా, పన్నెండు నెలలకు మించని వ్యవధిలో వైద్య పరీక్ష చేయించాలని అది చెప్పింది. "మానేసిన తరువాత కూడా" అన్న మాట నా ఉద్యోగకాలంలో ఎంతమంది యజమానులకు చదివి వినిపించానో. ఆస్బెస్టాస్ జబ్బు ఇరవై, ముప్ఫై ఏళ్ళకు బయటపడుతుంది, అప్పటికి ఆ మనిషి ఎక్కడో మనవల దగ్గర ఉంటాడు. తన ఆరోగ్య రికార్డు చూసుకునే హక్కు కార్మికుడికి కూడా అక్కడే ఇచ్చారు.

ఏఎఫ్ఐహెచ్ కేంద్ర కార్మిక శాఖకు చెందిన సంస్థలు నడుపుతాయి. ముంబయిలో కేంద్ర సంస్థ, చెన్నై, కోల్‌కతా, కాన్పూర్, ఫరీదాబాద్‌లలో ప్రాంతీయ సంస్థలు. మనకు దగ్గరిది చెన్నై. ఐసీఎంఆర్ కింద అహ్మదాబాద్‌లో జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ 1966 నుంచి ఉంది, బెంగళూరులో దాని ప్రాంతీయ కేంద్రం ఉంది. ప్రమాదకర ప్రక్రియలున్న ఫ్యాక్టరీలో రెండు వందల మంది దాటితే పూర్తికాలం డాక్టరు ఉండాలని ఫ్యాక్టరీల చట్టం కింది నియమం. ఆ డాక్టరుకు కనీసం మూడు నెలల శిక్షణ ఉండాలి. "కనీసం" అని రాసినదాన్ని మనం "చాలు" అని చదువుకున్నాం. తెల్లకోటు గారితో నా తగవు ఇక్కడే.

ఇక పలాస అమ్మ గురించి. కరెంటు వాడే చోట పది మంది, వాడని చోట ఇరవై మంది ఉంటేనే పాత చట్టం దాన్ని ఫ్యాక్టరీ అంది. దాని స్థానంలో 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన 2020 నాటి కొత్త కోడ్‌లో (కార్మికుల భద్రత, ఆరోగ్యం గురించిన చట్టం) ఆ సంఖ్యలు ఇరవై, నలభై అయ్యాయి. ఇంటి దగ్గర పిక్కలు కొట్టే ఆమె ఎందులోనూ లేదు. అందుకే ఈ విద్య ఫ్యాక్టరీ డాక్టరుకే కాదు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కూర్చునే డాక్టరుకు కూడా రావాలి.

జెండా
సర్జన్ గారూ, దండం. ఇంకొకటి కూడా చెప్పండి, జబ్బు తెలియజేయని డాక్టరుకు శిక్ష ఏమిటో.

విశ్రాంత_సర్జన్
పాత ఫ్యాక్టరీల చట్టంలో 89వ సెక్షన్. మూడో షెడ్యూలులో 29 జబ్బులు ఉన్నాయి. సిలికోసిస్, సీసం, పాదరసం, బెంజీన్ విషాలు, శబ్దం వల్ల చెవుడు వగైరా. ఫ్యాక్టరీలో పనిచేసే రోగికి వాటిలో ఏదైనా ఉందని అనుమానం వచ్చినా సరే, చూసిన డాక్టరు చీఫ్ ఇన్‌స్పెక్టరుకు రాయాలి. ఫ్యాక్టరీ డాక్టరే కానక్కరలేదు, ఏ డాక్టరైనా. రాయకపోతే ఆ చట్టం కింద వెయ్యి రూపాయల వరకు జరిమానా ఉండేది. ఆ బాధ్యతను కొత్త కోడ్‌లోనూ ఉంచారు. నా ఉద్యోగంలో బయటి డాక్టర్ల నుంచి అలా వచ్చిన ఉత్తరాలు రెండు.

తెల్లకోటు
ఇరవై రెండేళ్ళ ప్రాక్టీసులో నేను ఒక్కటి కూడా రాయలేదు. అది నా బాధ్యత అని కూడా నాకు తెలియదు. మూడు నెలలు చాలన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆ మూడు నెలల్లో కొంత నాకు కూడా కావాలి.

పసుపు_హెల్మెట్
తెల్లకోటు గారూ, మా ఫ్యాక్టరీకి రండి. హెల్మెట్ నాది ఇస్తాను, మధ్యాహ్నం క్యాంటీన్ పప్పుచారు బాగుంటుంది.

నీళ్ళ_కుండ
అందరూ ఫ్యాక్టరీ గేటు లోపలే తిరుగుతున్నారు. ఈ శాఖ పేరులో పర్యావరణం కూడా ఉంది కదా. మాది నల్లగొండ జిల్లా. మా మేనత్త నలభై ఏళ్ళకే నడుము వంగిపోయి నేల చూస్తూ నడిచేది. ఆమె చేసిన పని బావి నీళ్ళు తాగడం. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను గుర్తించి రాసింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో. ఎద్దుల్లో కూడా కీళ్ళు బిగుసుకోవడం రైతులు అంతకుముందే చూశారట. పటిక, సున్నంతో నీటిలో ఫ్లోరైడు తగ్గించే పద్ధతికి మా జిల్లా పేరే పెట్టారు. ఇంత చరిత్ర మన నేల మీద ఉంది, మరి ఈ నేల మీద నిలబడి ఈ విద్య నేర్పే పెద్ద బడి ఒకటి ఉండాలా వద్దా?

హ్యూస్టన్_అక్క
నీళ్ళ_కుండ మాటకు నా ఓటు. అమెరికాలో ఈ శాఖ పేరులోనే రెండూ కలిసి ఉంటాయి, పని, పరిసరాలు. కనీసం ఒక ఏడాది ఆసుపత్రి శిక్షణ అయ్యాక రెండేళ్ళ రెసిడెన్సీ, అందులోనే ప్రజారోగ్యంలో మాస్టర్స్ చదువు. బోర్డు పరీక్ష ప్రివెంటివ్ మెడిసిన్ వాళ్ళు పెడతారు. నా రెసిడెన్సీలో విషాల సమాచార కేంద్రంలో కూర్చుని ఫోన్లు ఎత్తాను, చమురు శుద్ధి కర్మాగారంలో తిరిగాను, ఒక వీధిలో పిల్లల రక్తంలో సీసం ఎందుకు ఎక్కువగా ఉందో ఇల్లిల్లూ తిరిగి వెతికాం. ఒక ఇంట్లో తండ్రి బ్యాటరీల పని చేసి అవే బూట్లతో వచ్చేవాడు. పిల్ల నేల మీద పాకేది. పని ఎక్కడ ఆగింది, ఇల్లు ఎక్కడ మొదలైంది? ఇక్కడ కూడా ఈ శాఖలో చేరేవాళ్ళు తక్కువేనని నిజం చెప్పాలి. గుండె డాక్టరుకు ఉన్న వెలుగు దీనికి లేదు.

హౌస్‌సర్జన్_2020
2020 మే 7 పొద్దున విశాఖలో ఒక పెద్దాసుపత్రిలో డ్యూటీలో ఉన్నాను. ఆర్.ఆర్. వెంకటాపురం నుంచి మనుషులను ఆటోల్లో, అంబులెన్సుల్లో, భుజాల మీద తెచ్చారు. కళ్ళు మండుతున్నాయని, ఊపిరి అందడం లేదని అరుపులు. ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీలో లీకైన వాయువు పేరు స్టైరీన్ అని ఎవరో అన్నారు. మాలో ఒక్కరికీ దాని గురించి తెలియదు. ఫోనులో వెతుక్కుంటూ ఆక్సిజన్ పెట్టాం, కళ్ళు కడిగాం, బట్టలు మార్పించాం. పన్నెండు మంది పోయారు. ఇప్పటికీ నన్ను తొలిచేది ఆ రోజు గురించి కాదు. వారం తరువాత ఒక తల్లి పిల్లను ఎత్తుకొని వచ్చి "దీనికి రేపు ఏమవుతుంది బాబూ? ఎన్నేళ్ళు చూపించుకోవాలి?" అని అడిగింది. నేను సమాధానం చెప్పలేకపోయాను. అడగడానికి నా పైన ఎవరూ లేరు. లీడ్స్_తెలుగు చెప్పిన పై మెట్టు మనిషి ఆ రోజు కావలసింది.

పాఠాల_మాస్టారు
హౌస్‌సర్జన్, ఈ పోస్టు నా విద్యార్థులకు చదివి వినిపిస్తాను, అనుమతి ఇవ్వండి.

హౌస్‌సర్జన్_2020
తప్పకుండా సార్.

మందు_పిచికారీ
పొలం మాట ఎవరూ ఎత్తలేదు. పత్తికి మందు కొట్టి వచ్చి మా అన్నయ్య చెమటతో తడిసిపోయాడు, నోట్లో నురగ. ఊళ్ళో వడదెబ్బ అని సెలైన్ ఎక్కించారు. పట్నంలో ఒక కుర్ర డాక్టరమ్మ టార్చి వేసి కళ్ళు చూసింది. కనుపాప సూదిమొన అంత ఉంది. "ఏం మందు కొట్టారు? డబ్బా తెచ్చారా?" అని ఒకటే ప్రశ్న. వెంటనే విరుగుడు అట్రోపిన్ మొదలుపెట్టింది. అన్నయ్య బతికాడు. ఆమె ఏ స్పెషలిస్టూ కాదు.

లీడ్స్_తెలుగు
ఆమెకు ఎవరో బాగా నేర్పారు. ఆ డబ్బా ప్రశ్నే ఈ విద్యకు మొదలు. ఒక మాట చేర్చుతాను. మందు కొట్టే కూలీలకు సీజను మొదలవకముందే రక్తంలో కోలినెస్టరేజ్ (ఈ మందుల వల్ల పడిపోయే ఎంజైము) స్థాయి చూసి ఉంచాలి. మనిషికీ మనిషికీ అది మారుతుంది కాబట్టి, ఎంత పడిపోయిందో తన పాత స్థాయితో పోలిస్తేనే సరిగ్గా తెలుస్తుంది.

పాఠాల_మాస్టారు
నా ఆలోచన ఒకటి పెడుతున్నాను, చీల్చి చెండాడండి. ఇప్పుడు ఎంబీబీఎస్ పిల్లలు ఊళ్ళో కుటుంబాలను దత్తత తీసుకొని చదువు పొడవునా వాళ్ళ ఆరోగ్యం చూస్తున్నారు. అలాగే ప్రతి విద్యార్థికి ఒక పనిచోటు అప్పగిస్తే? వెల్డింగ్ షాపు, ఇటుక బట్టీ, మిరప యార్డు, బీడీలు చుట్టే ఇల్లు, ఏదైనా. మూడేళ్ళు అక్కడికే వెళ్ళాలి. అక్కడి నుంచి కొందరికైనా ఈ శాఖ మీద ప్రేమ పుడుతుంది. ఆ కొందరి కోసం ప్రతి రాష్ట్రంలో ఒక్క వైద్య కళాశాలలో అయినా మూడేళ్ళ పీజీ పెట్టాలి, దాన్ని ఈఎస్ఐ ఆసుపత్రితో కలిపి. కార్మిక రోగులందరూ అక్కడికే వస్తారు.

జెండా
ఈఎస్ఐతో కలపడం బాగుంది, అక్కడ జీతం యజమాని చేతిలో ఉండదు. కానీ మాస్టారూ, ఇటుక బట్టీలో వలస కూలీలు ఏడాదికి ఏడెనిమిది నెలలే ఉంటారు. మీ విద్యార్థి రెండో ఏడు వెళితే మనుషులే మారిపోయి ఉంటారు.

పాఠాల_మాస్టారు
నిజమే. అది ఆలోచించలేదు. అయితే మనిషి మారినా బట్టీ అదే ఉంటుంది, పొగ అదే. పనిచోటునే రోగిగా చూడటం నేర్చుకుంటాడు.

జెండా
ఆ మాట ఒప్పుకుంటాను.

విశ్రాంత_సర్జన్
శిక్షణలో తప్పక ఉండవలసినది ఒకటి, ఎక్స్‌రే చదవడం. దుమ్ము జబ్బుల ఎక్స్‌రేకు అంతర్జాతీయ కార్మిక సంస్థ పద్ధతి ఉంది. ప్రామాణిక ప్లేట్లు పక్కన పెట్టుకొని పోల్చాలి. ఒకటిన్నర మిల్లీమీటరు లోపు గుండ్రని మచ్చ ఒక అక్షరం, మూడు దాకా ఇంకొకటి, పది దాకా మరొకటి. మచ్చలు ఎంత ఒత్తుగా ఉన్నాయో పన్నెండు మెట్లలో చెప్పాలి. ఒక్కరోజులో రాదు. వందల ప్లేట్లు తప్పు చదివి, దిద్దించుకొని నేర్చుకోవాలి. మూడు నెలల కోర్సులో దీనికి దొరికే సమయం చాలదు. పలుగురాయి, మీ నాన్నగారి పాత ప్లేట్లు ఏమైనా ఉన్నాయా?

పలుగురాయి
ఉండాలి సార్. అమ్మ ఏదీ పారేయదు. అటక మీద ట్రంకు పెట్టెలో చూడాలి.

పరవాడ_డాక్టర్
నాలుగు రోజులుగా అందరివీ చదువుతున్నాను, కొన్ని రెండుసార్లు. ఏం చేశానో చెబుతాను.

మేనేజరు దగ్గరికి వెళ్ళి, మనిషిని చూడకుండా, పనిచోటు చూడకుండా సంతకం పెట్టనని చెప్పాను. కోపం వచ్చింది. 41-సి సెక్షన్ అచ్చు తీసి ముందు పెట్టాను. సర్జన్ గారూ, మీకు రుణపడ్డాను. రోజుకు ఎనిమిది మంది చొప్పున చూస్తానని ఒప్పందం కుదిరింది. ఇప్పటికి ముప్ఫై ఒక్క మంది అయ్యారు. మూత్రం నమూనాలు ఇకమీదట షిఫ్టు దిగే ముందు తీస్తారు. రియాక్టర్ మనిషి ముందు కూర్చుని గంటసేపు మాట్లాడాను. సాయంత్రాలు తల తేలిపోయినట్టు ఉంటుందని, బండి నడపడానికి భయపడి బస్సులో వెళుతున్నానని చెప్పాడు. పదకొండేళ్ళలో ఇది ఎవరికీ చెప్పలేదు.

జెండా గారి ప్రశ్న నన్ను నిద్రపోనివ్వలేదు. జీతం వాళ్ళదే, నిజం. ఒక నియమం పెట్టుకున్నాను. యాజమాన్యానికి "ఈ పనికి తగును, తగడు, ఈ మార్పుతో తగును" అన్నది మాత్రమే వెళుతుంది, జబ్బు పేరు వెళ్ళదు. కార్మికుడి చేతికి మాత్రం పూర్తి కాగితం, తెలుగులో. చెన్నైలో ఏఎఫ్ఐహెచ్‌కు దరఖాస్తు చేస్తున్నాను. తరువాత కమ్యూనిటీ మెడిసిన్ ఎం.డి.కి ప్రయత్నిస్తాను, థీసిస్ ద్రావణుల మీదే.

జెండా
డాక్టరు గారూ, తెలుగులో కాగితం అన్నారు కదా, ఆ నమూనా ఇక్కడ పెట్టండి. మా దగ్గర వేరే ఫ్యాక్టరీల వాళ్ళు కూడా అడుగుతారు.

పరవాడ_డాక్టర్
ఆదివారం పెడతాను. తప్పులు దిద్దండి.

పసుపు_హెల్మెట్
చెన్నై వెళ్ళేటప్పుడు గట్టి బూట్లు తీసుకెళ్ళండి. క్లాసు మధ్యలో ఫ్యాక్టరీ చూపిస్తామంటే ముందు వరుసలో నిలబడండి.

పలుగురాయి
పెట్టె దింపాను. ఏడు ప్లేట్లు ఉన్నాయి, అమ్మ పాత చీరలో చుట్టి పెట్టింది. అన్నిటికంటే పాతది 2004ది, నాన్న మిల్లులో చేరిన రెండో ఏడు. ఒక మూల అంటుకుపోయింది, మిగతాది బాగుంది.

విశ్రాంత_సర్జన్
అంటుకున్నదాన్ని లాగవద్దు, అలాగే తీసుకురండి. ఇక్కడ ఫోటో పెట్టవద్దు, అది మీ నాన్నగారి సొంత విషయం. విడిగా సందేశం పంపుతున్నాను. ఏడింటినీ సంవత్సరాల వరుసలో పెట్టుకోండి. నాన్నగారు ఏ ఏడు ఏ పని చేశారో, గుండ కొట్టడమా, జల్లించడమా, సంచులు నింపడమా, ఆయన్ను అడిగి పక్కనే రాయండి.

తెల్లకోటు
వీలైతే నేను కూడా వస్తాను. చూసి నేర్చుకుంటాను. నిర్ధారణ అయితే ఈసారి ఉత్తరం నేను రాస్తాను.

పలుగురాయి
నాన్న పక్కనే కూర్చుని చెబుతున్నారు, రాసుకుంటున్నాను. మొదటి రెండేళ్ళు జల్లెడ దగ్గర అట. కిటికీ లేని గది.